నలుగురు పిల్లలు చేరితే మూడో టీచర్

చదువులు, బడులు, పిల్లల హక్కుల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు, విశాఖపట్నం మున్సిపల్ బడిలో ప్రధానోపాధ్యాయురాలిగా చేసి రిటైరైన టీచర్ గారి జవాబులు

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మా ఆయన బోటు మీద పనికి వెళ్తాడు, నేను చేపలు అమ్ముతాను. విద్యాహక్కు చట్టం కింద మా పాపకు ప్రైవేట్ స్కూల్లో ఒకటో తరగతి సీటు లాటరీలో వచ్చింది. ఫోనుకు మెసేజ్ కూడా వచ్చింది. తీరా వెళ్తే పాపకు పరీక్ష పెట్టారు. ఏబీసీడీలు సరిగా రాయలేదని మొహం అదోలా పెట్టారు. తర్వాత పుస్తకాలు, యూనిఫాం, డెవలప్‌మెంట్ అంటూ 22,000 కట్టమన్నారు. వేట లేని రోజులు, ఇంట్లో డబ్బు ఆడడం లేదు. సీటు వదిలేసుకోవాలా?
— ఒక తల్లి, పెదజాలారిపేట

జవాబు: వదులుకోవద్దమ్మా. ముందు ఆ మెసేజ్‌ని చెరిపేయకుండా నెట్ సెంటర్లో ప్రింటు తీయించి పెట్టుకోండి. మీ చేతిలో ఉన్న మొదటి ఆధారం అదే.

మీ పాపకు పరీక్ష పెట్టడమే తప్పు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం, బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా పడుతుంది. ఒకటో తరగతికి వచ్చే పిల్లకు అక్షరాలు నేర్పాల్సింది ఆ బడే కదా, వచ్చేటప్పటికే రాయలేదని మొహం చిట్లించడం ఏమిటి? డొనేషన్ల సంగతి కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. స్కూలు ముందే ప్రకటించిన ఫీజు కాకుండా ఏ పేరుతో డబ్బు తీసుకున్నా అది క్యాపిటేషన్ ఫీజే. వసూలు చేసినదానికి పది రెట్ల దాకా జరిమానా వేయొచ్చు.

మీకు సీటు వచ్చింది 12(1)(సి) సెక్షన్ కింద. ప్రైవేట్ స్కూళ్లు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన కుటుంబాల పిల్లలకు ఇచ్చి ఉచితంగా చదువు చెప్పాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఆ ఖర్చును ప్రభుత్వం స్కూలుకు చట్టంలో చెప్పిన లెక్క ప్రకారం తిరిగి ఇస్తుంది. ఎంత ఇచ్చారు, ఎప్పుడిచ్చారు అన్నది స్కూలూ ప్రభుత్వమూ తేల్చుకోవాల్సిన విషయం. అది తేలలేదని మీ పాపను గేటు బయట నిలబెట్టడానికి వీల్లేదు. ఈ సీట్లలో చేరిన పిల్లలకు పుస్తకాలు, రాత సామగ్రి, యూనిఫాం కూడా ఉచితంగా ఇవ్వాలని కేంద్రం చేసిన నిబంధనల్లో ఉంది. వాళ్లను వేరే గదిలో, వేరే వేళల్లో కూర్చోబెట్టకూడదని కూడా ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, చేరాక పనికొస్తుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. స్కూలు ప్రిన్సిపల్‌కి తెలుగులోనే ఒక ఉత్తరం రాయండి. లాటరీలో సీటు వచ్చిన తేదీ, మీరు స్కూలుకు వెళ్లిన తేదీ, పరీక్ష పెట్టిన సంగతి, అడిగిన డబ్బు, అన్నీ అందులో ఉండాలి. ఆ డబ్బు ఎందుకో రాతపూర్వకంగా చెప్పమనండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. వాళ్లు తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచండి. తర్వాత అదే కాగితం మండల విద్యాధికారికీ (ఎంఈఓ), జిల్లా విద్యాధికారికీ (డీఈఓ) ఇవ్వండి. సోమవారం మహారాణిపేట కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇచ్చి నంబరు తీసుకోండి. చట్టం 32వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన ఫిర్యాదును అధికారులు మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కి వెళ్లొచ్చు. లాయరు సాయం కావాలంటే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

ఒంటరిగా మాత్రం వెళ్లకండి. అదే లాటరీలో అదే స్కూల్లో సీటు వచ్చినవాళ్లు మీ పేటలోనో పక్క పేటలోనో ఇంకా ఉంటారు. నలుగురు తల్లులు కలిసి నాలుగు కాగితాలతో వెళ్తే ప్రిన్సిపల్ గారి మాట తీరే మారుతుంది. ఇది నేను చాలాసార్లు చూశాను. అయితే ఒకటి ముందే కనుక్కోండి. మైనారిటీ సంస్థగా గుర్తింపు ఉన్న స్కూళ్లకు ఈ 25 శాతం నిబంధన వర్తించదని సుప్రీంకోర్టు 2012లో, 2014లో తీర్పులిచ్చింది. మన ఊళ్లో అలాంటి పాత స్కూళ్లు చాలా ఉన్నాయి. మీకు లాటరీలోనే వచ్చింది కాబట్టి ఆ చిక్కు ఉండకపోవచ్చు, అయినా తెలుసుకుని వెళ్లడం మంచిది.

మీ ఉత్తరంలో వేట లేని రోజులన్న మాట నన్ను వదలడం లేదు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. బడుల్లో అడ్మిషన్లు జరిగేదీ, డబ్బు కట్టమని ఒత్తిడి చేసేదీ సరిగ్గా అప్పుడే. జాలరి కుటుంబం చేతిలో రూపాయి ఆడని రెండు నెలల్లోనే పిల్లల సంవత్సరమంతా నిర్ణయమైపోతోంది. మీ ఫిర్యాదులో ఈ ముక్క కూడా రాయండి. మత్స్యకార సంఘం పెద్దల చేత కూడా ఒక కాగితం ఇప్పించండి. ఆ రెండు నెలల్లో జాలరి కుటుంబాల మీద ఫీజుల ఒత్తిడి ఉండకూడదని సంఘం అడిగితే, అది మీ ఒక్కరి గోడుగా మిగిలిపోదు.

ప్రశ్న: మేడం, మాది శ్రీకాకుళం జిల్లా. మధురవాడ వైపు హౌసింగ్ కాలనీలో ఉంటున్నాం. నాది తాపీ పని. కాలనీ బడిలో ఒకటి నుంచి అయిదు దాకా 57 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఒకరు సెలవు పెడితే అయిదు తరగతులూ ఒకే గదిలో. నన్ను పేరెంట్స్ కమిటీలో వేశారు కానీ సంతకం కోసం తప్ప ఎప్పుడూ పిలవలేదు. మా లైన్లో కొందరు అప్పు చేసి పిల్లల్ని ప్రైవేటుకు మార్చేస్తున్నారు. మూడో టీచర్ని ఇమ్మని అడుగుదామా, నేనూ మార్చేయాలా? మా ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.
— ఒక తండ్రి, మధురవాడ

జవాబు: తమ్ముడూ, మీరు రాసిన 57 అనే అంకె దగ్గరే మొదలుపెడదాం. విద్యాహక్కు చట్టం చివర ఒక షెడ్యూలు ఉంది. ఒకటి నుంచి అయిదు తరగతుల బడిలో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు. అంటే మీ 57 మందికి ఇద్దరు టీచర్లన్నది కాగితం మీద సరిపోయిన లెక్కే. ఇప్పుడు వెళ్లి మూడో టీచర్ని అడిగితే ఆఫీసులో ఈ కాగితమే చూపించి పంపేస్తారు. అయిదు తరగతులకు ఇద్దరు చాలరని నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. నేనే ఏళ్ల తరబడి ఒకే గదిలో ఒకవైపు ఎక్కాలు, మరోవైపు గుణింతాలు చెప్పినదాన్ని. ఒక తరగతికి లెక్క ఇచ్చి రెండో తరగతి వైపు తిరిగేసరికి మొదటివాళ్లు చేసేసి గోల మొదలుపెడతారు, లేదా రాక ఊరుకుంటారు. రాక ఊరుకునే పిల్లల్ని చూసుకునే తీరికే ఉండదు.

కానీ ఇంకో నలుగురు చేరితే మీ లెక్క 61. అప్పుడు మూడో టీచర్ మీకు చట్టం ఇచ్చిన వాటా. ఆ నలుగురూ మీ కాలనీలోనే ఉన్నారని నా గట్టి నమ్మకం. కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్న చోట రేకుల షెడ్లలో ఉండే ఒడిశా కుటుంబాల పిల్లలు, సొంతూరి బడిలో టీసీ ఉండిపోయిందని ఇంట్లో కూర్చున్నవాళ్లు, చంటివాణ్ణి చూసుకోవడానికి ఆగిపోయిన ఆడపిల్లలు. వీళ్లు ఏ బడి రిజిస్టర్లోనూ లేరు కాబట్టి టీచర్ పోస్టుల లెక్కలోనూ లేరు. వీళ్లను చేర్చుకోవడానికి టీసీ లేదనో, పుట్టిన తేదీ కాగితం లేదనో, మధ్యలో వచ్చారనో అభ్యంతరం చెప్పకూడదు. చట్టం 4, 5, 14, 15 సెక్షన్లు చెప్పేది అదే. తొమ్మిదేళ్ల పిల్ల ఎప్పుడూ బడికి వెళ్లకపోయినా ఆమె వయసు పిల్లలున్న తరగతిలోనే చేర్చుకుని, వెనకబడినదాన్ని విడిగా నేర్పాలి.

ఒక ఆదివారం మీ కమిటీ సభ్యులు ఇద్దరు ముగ్గురు, వీలైతే ఆడవాళ్లు, ఒక నోటుబుక్కు పట్టుకుని ఇంటింటికీ, షెడ్డు షెడ్డుకీ వెళ్లండి. పేరు, వయసు, చివరిగా చదివిన బడి, ఇప్పుడెందుకు వెళ్లడం లేదు. ఈ నాలుగూ రాసుకుంటే చాలు. ఆఖరిదే అన్నింటికన్నా ముఖ్యం. నేను పనిచేసిన ఒక కొండవాలు బడి దగ్గర తల్లులు ఇలాగే తిరిగారు. డబ్బు లేక పంపడం లేదేమో అని నేననుకున్న కుటుంబాలు చెప్పిన కారణం హైవే! పొద్దున్నే తల్లీతండ్రీ పనికి పోతే పిల్లలు లారీల మధ్య రోడ్డు దాటాలి, అందుకని పంపడం లేదు. అప్పుడా తల్లులు వంతులు వేసుకుని పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు గుంపుగా పిల్లల్ని రోడ్డు దాటించారు. రిజిస్టర్లో పేర్లు పెరిగాయి. ఆ పనికి ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయి రాలేదు, ఎవరూ అడగలేదు కూడా. మీ కాలనీ పిల్లలకూ 16వ నంబరు జాతీయ రహదారి అడ్డమేమో చూడండి.

ఆ జాబితాను కమిటీ తీర్మానంగా రాసి ఎంఈఓకి ఇవ్వండి. ఇక్కడ మీకు కమిటీ బలం తెలియాలి. 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. బడి నడిచే తీరు చూడడం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం మీ పని. మన రాష్ట్రంలో 2024 ఆగస్టులో ఈ కమిటీలకు ఎన్నికలు కూడా జరిగాయి. మీరు పెట్టిన సంతకాల పైన ఏం రాశారో చూడాలని మినిట్స్ పుస్తకం అడగండి. మర్యాదగానే అడగండి, కానీ చూడకుండా ఇంకో సంతకం పెట్టకండి. చూపించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. కొద్దిపాటి ఫీజుతో దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు. అందులో పది ప్రశ్నలు గుప్పించకుండా మూడే అడగండి: ఈ ఏడాది బడికి వచ్చిన గ్రాంటు ఎంత, దేనికి ఖర్చయింది, మంజూరైన టీచర్ పోస్టులు ఎన్ని.

సమావేశం ఎప్పుడు పెడుతున్నారో కూడా చూసుకోండి. పొద్దున పదకొండు గంటలకు పెడితే తాపీ పనివాడు, ఇళ్లల్లో పనిచేసే తల్లి ఎలా వస్తారు? ఒక రోజు కూలి పోగొట్టుకుని ఎవరూ రారు, రాలేదని తర్వాత మనల్నే తప్పుపడతారు. సాయంత్రం ఆరుకో, ఆదివారమో పెట్టాలని మొదటి తీర్మానం చేయండి. నా అనుభవంలో కమిటీ బతకడానికీ చావడానికీ ఇంతకు మించిన కారణం లేదు.

టీచర్లతో తగాదా పెట్టుకోవద్దు. అయిదు తరగతుల చదువుతో పాటు మధ్యాహ్న భోజనం, గుడ్లు, యాప్‌లో హాజరు, ఇవన్నీ ఆ ఇద్దరి మీదే ఉంటాయి. జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప టీచర్లకు వేరే పనులు చెప్పకూడదని 27వ సెక్షన్‌లో రాసి ఉంది. ముందు వాళ్లనే కూర్చోబెట్టి 'మీకేం కావాలి, మేం ఏం అడగమంటారు' అని అడగండి. టీచర్ తనంతట తాను పోస్టు కావాలని రాస్తే పైవాళ్లకు అది ఒక ఉద్యోగి సణుగుడులా వినిపిస్తుంది. అదే మాట తల్లిదండ్రుల కమిటీ తీర్మానంగా వస్తే ఫైల్లో ఉండిపోతుంది, జవాబు చెప్పాల్సి వస్తుంది. ఒకరు సెలవు పెట్టినప్పుడు క్లస్టర్ (చుట్టుపక్కల బడుల గుంపు) నుంచి సీఆర్ఎంటీని, అంటే క్లస్టర్ మొబైల్ టీచర్ని గానీ, దగ్గర బడి నుంచి సర్దుబాటు మీద ఒకరిని గానీ పంపాలని ఆ తీర్మానంలోనే అడగండి. మూడో టీచర్ వచ్చేదాకా ఆగకుండా వెంటనే జరగగలిగే పని ఇది.

ఇంకొకటి. 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకు తరలించిన 117 జీవోని 2025లో వెనక్కి తీసుకున్నారు. తరగతికో టీచర్ ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు ఏర్పాటు చేశారు. మీకు దగ్గర్లో అలాంటిది ఉంటే చూసి రండి. అయితే ప్రాథమిక బడి ఇంటికి కిలోమీటరు లోపు ఉండాలన్నది విద్యాహక్కు నిబంధన. అంతకన్నా దూరం పంపమంటే రవాణా సంగతి ఏమిటని అడగండి.

ఇక మీ పిల్లల్ని మార్చాలా అన్న ప్రశ్న. అది మీ ఇష్టం, మీ హక్కు. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను: అప్పు చేసి మార్చకండి. ఒకటో తరగతి ఫీజు అప్పు తీరకముందే రెండో తరగతి ఫీజు వస్తుంది. మధ్యలో పని దొరక్కపోతే పిల్లవాడు ఏ బడికీ కాకుండా పోతాడు. పైగా మీలాంటి కుటుంబం ఒక్కటి ఇద్దరు పిల్లలతో బయటికి వెళ్తే 57 కాస్తా 55 అవుతుంది, మూడో టీచర్ ఇంకా దూరమవుతుంది. మిగిలేది షెడ్లలోని పిల్లలూ, అడగడానికి ఎవరూ లేని పిల్లలూ. ఉత్తరం రాయగలిగిన తండ్రి ఆ బడికి చాలా అవసరం. ఒక ఏడాది కమిటీలో గట్టిగా పనిచేసి చూడండి.

ప్రశ్న: నమస్తే టీచర్. నేను డిగ్రీ చదువుతున్నాను. మా బస్తీలో 25 శాతం సీట్ల గురించి ప్రచారం చేద్దామని ఫ్రెండ్స్ అంటున్నారు. కానీ తెలివైన పిల్లలందరూ ప్రైవేటుకు పోతే ప్రభుత్వ బడి ఖాళీ అవదా? ఇది చేయొచ్చా?
— ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: చేయొచ్చు బాబూ, చేయండి. ఈ సీట్లు తెలివైన పిల్లలకని ఎక్కడా లేదు. లాటరీలో వస్తాయి. ఆటో నడిపే ఆయన కూతురూ, ఆ ఆటో ఎక్కే ఆఫీసరు గారి కూతురూ ఒకే బెంచీ మీద కూర్చోవాలన్నది విద్యాహక్కు చట్టం 12(1)(సి) సెక్షన్ ఉద్దేశం. అది నాకు చాలా ఇష్టమైన ఆలోచన.

ఇది ఊరికే రాలేదు. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో, 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. 2002లో 86వ సవరణతో అది రాజ్యాంగంలోకి 21ఎ అధికరణంగా వచ్చింది. చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అయినా మన రాష్ట్రంలో ఈ 25 శాతం సీట్ల ప్రవేశాలు మొదలైంది 2022-23లో. అదీ హైకోర్టు దాకా వెళ్లాక. ఈలోపు ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లలు ఇంటర్ దాకా పెరిగిపోయారు. ఎవరో ఒకరు అడగకపోతే చట్టం ఎన్నేళ్లు పుస్తకంలోనే ఉండిపోతుందో చూడండి.

కానీ మీ భయం కూడా నిజమైనదే. అందుకే సీటు వచ్చిన ఇంటికి వెళ్లినప్పుడు, రాని పది ఇళ్లకూ వెళ్లండి. మీ బస్తీ మున్సిపల్ బడి కమిటీతో కలిసి అక్కడేం లోటుందో రాయండి. సీట్ల ప్రచారం చేసేవాళ్లు ఈ రెండో పని చేయకపోతే నేను ఒప్పుకోను.

ప్రచారంలో మీరు చేయగలిగిన అసలు పని దరఖాస్తు నింపించడం. అది ఆన్‌లైన్‌లోనే. ఇంటి చిరునామాకు ఆధారం, పుట్టిన తేదీ కాగితం, కులం, ఆదాయ పత్రాలు కావాలి. అనాథలు, హెచ్ఐవీ బాధిత కుటుంబాల పిల్లలు, దివ్యాంగులకు కలిపి 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, మిగతా బలహీన వర్గాలకు 6 శాతం సీట్లు. మీ గాజువాకలో ఊళ్ల నుంచి వచ్చి అద్దెకుండేవాళ్లు ఎక్కువ. వాళ్ల రేషన్ కార్డు, ఆధార్ సొంతూరి చిరునామాతోనే ఉంటాయి. ఇక్కడ ఉంటున్నట్టు అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో చూపించాలి. ఇంటి ఓనర్లు చాలామంది అద్దె కాగితం రాసివ్వరు. వాళ్లతో మాట్లాడి ఒప్పించగలిగితే అది ఏ కరపత్రం కన్నా మేలు. ఈ పని ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి, నోటిఫికేషన్ వచ్చాక ఆదాయ పత్రం కోసం సచివాలయం చుట్టూ తిరిగితే గడువు దాటిపోతుంది.

ప్రశ్న: నా మనవణ్ణి ప్రైవేట్ స్కూల్ నుంచి మున్సిపల్ స్కూల్లో వేద్దామంటే ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వడం లేదు. వాడు ఇంట్లోనే ఉంటున్నాడు.
— ఒక నాయనమ్మ, కంచరపాలెం

జవాబు: అమ్మా, రేపే మున్సిపల్ బడికి తీసుకెళ్లి చేర్చండి. ఎనిమిదో తరగతి దాకా టీసీ రాలేదని, ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదు. చేర్చుకున్నాక కొత్త హెడ్మాస్టరే పాత స్కూలుకు ఉత్తరం రాస్తారు. బాకీ సంగతి పెద్దవాళ్లు చూసుకోవాలి, దానికి పిల్లవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టకండి. ఆన్‌లైన్‌లో పేరు పాత స్కూలు నుంచి మారకపోతే ఎంఈఓ ఆఫీసులో చెప్పి మార్పించండి. ఆ మార్పు జరిగిందో లేదో మర్చిపోకుండా అడగండి, ఆన్‌లైన్‌లో పేరు లేకపోతే పుస్తకాలు, బ్యాగు దగ్గర తిప్పిస్తారు.

ప్రశ్న: మా బాబుకు వినికిడి తక్కువ. రెండో తరగతి. మీ వాణ్ణి స్పెషల్ స్కూలుకి తీసుకెళ్లండి అని టీచర్ అంటున్నారు. మాకు అది చాలా దూరం.
— ఒక తల్లి, గోపాలపట్నం

జవాబు: తల్లీ, ఎక్కడ చదివించాలో ఎంచుకునేది మీరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం, చట్టంలో చెప్పిన స్థాయి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఇంటి దగ్గర బడిలోనైనా, ప్రత్యేక బడిలోనైనా, మీరు కోరిన చోట ఉచిత విద్య ఇవ్వాలి. టీచర్ గారు విసుగుతో అన్నారో, వాడికి ఎలా చెప్పాలో తెలియక అన్నారో ముందు కనుక్కోండి. రెండోదే అయితే సాయం ఉంది. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద భవిత కేంద్రాలు నడుస్తున్నాయి, వాటిలో ఇలాంటి పిల్లలకు నేర్పే ప్రత్యేక టీచర్లు ఉంటారు. మీకు దగ్గర కేంద్రం ఎక్కడో ఎంఈఓ ఆఫీసులో చెబుతారు. వినికిడి పరీక్ష చేయించి, సదరం సర్టిఫికెట్‌కి (వైకల్య ధ్రువీకరణ పత్రం) స్లాట్ బుక్ చేసుకోండి. వినికిడి యంత్రం కోసం సమగ్ర శిక్ష నిర్ధారణ శిబిరం ఎప్పుడు పెడతారో కూడా అక్కడే అడగండి. ఈలోపు బాబును మొదటి వరసలో, టీచర్ మొహం కనబడేలా కూర్చోబెట్టమని రేపే అడగండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడితే వాడికి ఏమీ అందదని కూడా చెప్పండి.